సలాలా కొండ మీద పాలు ఎవరు పిండాలి

ఎండాకాలం సెలవుల్లో ఊరికి వెళ్లకుండా మస్కట్‌లో మిగిలిపోవడం ఎంత నరకమో అక్కడ ఉద్యోగం చేసిన టీచర్లను అడగండి. బిల్డింగంతా ఖాళీ అయిపోతుంది, మెట్ల మీద ఎదురుపడి పలకరించే మనిషి ఉండదు, బయట కాలు పెడితే చెప్పు తారుకు అంటుకుంటుంది. తొంభైల మొదట్లో ఒక ఏడాది మావారికి కంపెనీ సెలవివ్వలేదు. ఘుబ్రాలో మా ఫ్లాట్లో ఏసీ కింద కూర్చుని అందరి మీదా విసుక్కుంటున్న ఆ రోజుల్లో నాకు సలాలా నుంచి ఒక ఉత్తరం వచ్చింది. రాసిన మనిషి పేరు రాజన్న. అంతకు ముందు నేనెప్పుడూ వినని పేరు.

"మేడం గారికి నమస్తే. మాది నిజామాబాద్ దిక్కు. సలాలా కాడ రైసూత్ పోర్టుల పని చేస్త. మీకు ఎరుకున్న ఓబులమ్మ చెప్తుంటే రాస్తున్న. ఆమె ఉన్న ఇంట్ల ఆవు పాలు పిండిందంట. గందుకు పెద్ద గడబిడ అయింది. పిండితే ఏమైతదో నాకైతే సమజ్ అయితలేదు. ఇంటోళ్లు తిట్టలేదు, కొట్టలేదు, ఊకెనే ఉన్నరు. వచ్చే శుక్రవారం ఏదో పూజ లెక్క చేస్తరంట. అది అయినంక తనను ఇండియాకు తోలిస్తరో ఏమో అని ఏడుస్తున్నది. మీరు సదువుకున్నోళ్లు, ఒక్కపారి వచ్చి మాట్లాడుండ్రి."

ఉత్తరం మూడుసార్లు చదివాను. నేను లెక్కల టీచరుని. ఇచ్చినదేమిటో, కనుక్కోవలసినదేమిటో తెలిస్తే తప్ప నా బుర్ర కదలదు. ఇక్కడ ఇచ్చింది ఒక ఆవు, ఒక ఆడమనిషి, కాసిని పాలు. ఇందులో నేరం ఎక్కడుందో ఎంత వెతికినా దొరకలేదు. మావారు కూడా చదివి, "చాటుగా పిండి అమ్ముకుందేమో" అన్నారు. ఓబులమ్మ అలాంటిది కాదని నేను ఆయన మీద ఇంతెత్తున లేచాను.

ఓబులమ్మది కడప జిల్లా, రాయచోటి దగ్గర పల్లె. మా పై అంతస్తులో ఉండే ఒమానీ ఆఫీసరు గారింట్లో రెండేళ్లు పనిచేసింది. ఊరి నుంచి వచ్చిన ఉత్తరాలు చదివించుకోవడానికి సాయంత్రాలు నా దగ్గరికి వచ్చేది. పిల్లల్లేరు, భర్త పోయాడు, ఊళ్లో ఉన్నది మరిది ఇల్లు. ఒకప్పుడు ఆరు ఆవులుండేవట. వరసగా కరువులొచ్చి, మేత లేక ఒక్కొక్కటే సంతకు తోలేశారు. ఆఖరి ఆవు గుమ్మం దాటిన రోజునే గల్ఫుకు పోతానని మరిదితో చెప్పేసిందట. ఆఫీసరు గారి తల్లికి మోకాళ్లు పట్టేసి నడవలేకపోతోందని, ఆమెను చూసుకోవడానికి ఓబులమ్మను సలాలా పైనున్న కొండ ఊరికి పంపుతామన్నప్పుడు నేను వద్దన్నాను. అంత దూరం, భాష రాదు, తెలిసినవాళ్లు లేరు. ఆమె మాత్రం "ఆ ఇంట్లో ఆవులుండాయంట టీచరమ్మా" అని మొహం ఇంత చేసుకుని పెట్టె సర్దుకుంది. అందుకే వెనక్కి పంపిస్తారేమో అన్న మాట దగ్గర నాకు మనసు కలుక్కుమంది. పంపితే ఆమె వెళ్లేది మళ్లీ ఆ మరిది ఇంటి వసారాలోకే.

అప్పట్లో గురు, శుక్రవారాలు సెలవు. శనివారం ఒక్కరోజు మావారు ఎలాగో అడిగి తెచ్చుకున్నారు. వస్తున్నామని రాజన్నకు టెలిగ్రాం ఇచ్చాం. గురువారం పొద్దున అయిదున్నరకు టాక్సీలో రూవీ బస్టాండుకు వెళ్లి ఏడు గంటల సలాలా బస్సు ఎక్కాం. మనిషికి ఎనిమిది రియాళ్లని గుర్తు. వెయ్యి కిలోమీటర్ల పైమాటే, పన్నెండు గంటలు పడుతుంది. నిజ్వా దాటాక కిటికీలోంచి చూడటానికి ఏమీ ఉండదు, కాబట్టి ఈ దారిన వెళ్లేవాళ్లు చదువుకోవడానికి ఏదైనా పట్టుకెళ్లండి. నేను దారి పొడుగునా ఒక ఉపన్యాసం తయారుచేసుకున్నాను, హిందీలో. మా దేశంలో పాలు పిండేది ఆడవాళ్లే, మీ దగ్గర అందులో తప్పేముందో ఆమెకు తెలియదు, తెలియక చేసినదాన్ని పెద్ద మనసుతో మన్నించండి, ఇలా. మధ్యాహ్నం హైమాలో బస్సు ఆగినప్పుడు హోటల్లో అన్నం, పప్పు వడ్డించిన మలయాళీ వంటాయన మమ్మల్ని చూసి, "సలాలాకేనా? గొడుగు తెచ్చుకున్నారా?" అని హిందీలో అడిగాడు. బయట నలభై అయిదు డిగ్రీల ఎండ. వేళాకోళం చేస్తున్నాడనుకుని మావారు నవ్వారు.

వేళాకోళం కాదు. తుమ్రైత్ దాటి కొండ అంచుకు రాగానే బస్సు ఒక్కసారిగా పొగమంచులో దూరింది. డ్రైవరు వైపర్లు వేశాడు. కిందికి దిగేకొద్దీ రోడ్డుకు రెండు పక్కలా పచ్చగడ్డి, దాని మీద తుంపర. మనకు ఖరీఫ్ అంటే పంట, వాళ్లకు ఈ మూడు నెలల వాన పేరే ఖరీఫ్. ఎండ తప్ప ఏమీ ఎరగని దేశంలో ఇంకో దేశం దాచిపెట్టినట్టుంది. ఏడున్నరకు బస్టాండులో దిగితే నల్లగా సన్నగా ఉన్న ఒకాయన మా ముందుకొచ్చి రెండు చేతులూ జోడించాడు. ఆయనే రాజన్న. ఎనిమిది రియాళ్ల లాడ్జి కూడా చూసిపెట్టాడు. "రేపు పొద్దుగాల అయిదున్నరకు బండి తెస్త. కంపెనీ బండే, అడిగి తెస్తున్న" అని చెప్పి వెళ్లిపోయాడు.

మర్నాడు పికప్పు ముందు సీట్లో ముగ్గురం ఇరుక్కుని బయలుదేరాం. తాఖా వైపు సముద్రం పక్కన రోడ్డు బాగుంది. తర్వాత ఎడమకు తిరిగి కొండెక్కే దారి, అక్కడి నుంచి పది అడుగుల అవతల ఏముందో కనబడలేదు. దారికి అడ్డంగా ఆవులు, పొట్టిగా, ఎర్రగా, తడిసి ముద్దయి నిలబడి ఉన్నాయి. హారన్ కొట్టినా కదల్లేదు. రాజన్న దిగి తోలి వచ్చాడు.

"ఆ ఇంటి చిన్న కొడుకు సలీం మా సైట్లనే చేస్తడు మేడం" అన్నాడు రాజన్న. "మంచోడు. ఓబులమ్మ ఏడుస్తుంటె భాష తెలుస్తలేదని నన్ను ఇంటికి పిలుచుకపోయిండు. అట్ల ఎరుకైంది నాకు."

"అసలు తప్పేమిటో సలీం చెప్పలేదా?"

"అడిగిన మేడం. ముష్కిల్ ఏంది అంటే మాఫీ ముష్కిల్ అంటడు, ఏం కాలేదు అంటడు. ఏం కాకపోతే శుక్రవారం ఏంది మరి?"

ఏడింటికి ఇల్లు చేరాం. ప్రభుత్వం కట్టించిన తెల్లటి సిమెంటు ఇల్లు, పైన టీవీ యాంటెనా. దాని పక్కనే రాళ్లు గుండ్రంగా పేర్చి పైన గడ్డి కప్పిన పాత ఇల్లు, వంగితే తప్ప దూరలేనంత చిన్న గుమ్మం. ఇంకో పక్క రాతి గోడతో ఆవుల దొడ్డి. ఎండబెట్టిన చిన్న చేపల గోతాలు గోడ వారగా వేసి ఉన్నాయి. ఆవులకు అవే మేత అని రాజన్న చెబితే నేను నమ్మలేదు. తర్వాత నా కళ్లతోనే చూశాను.

సలీం ఎదురొచ్చాడు. పాతికేళ్లుంటాయి, నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చినట్టు కళ్లు ఎర్రగా ఉన్నాయి. లోపల కూర్చున్న పెద్దమనుషులు నలుగురు లేచి మావారి చేయీ రాజన్న చేయీ పట్టుకున్నారు. నన్నెక్కడ కూర్చోబెట్టాలో ఎవరికీ తేలలేదు. ఆడమనిషిని కాబట్టి లోపలికి వెళ్లాలి, టీచర్ని కాబట్టి మగవాళ్లతో కూర్చోవాలి. గుమ్మంలో కాసేపు నిలబెట్టి, ముందు లోపలికి వెళ్లి కాఫీ వేళకు ఇటు రమ్మని తీర్పు చెప్పారు.

పాత రాతి ఇంట్లో, పొగ గూడు కట్టిన చీకట్లో, ముఖమల్ గౌను వేసుకున్న ముసలమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. ముందు పొట్టిగా, వెనక నేల మీద జీరాడేంత పొడుగ్గా ఉండే గౌను అది. ఆమె మోకాళ్లకు నూనె రాస్తూ ఓబులమ్మ. నన్ను చూడగానే లేచి వచ్చి నా భుజం మీద తల పెట్టి ఏడ్చేసింది. ముసలమ్మ కోప్పడుతుందేమో అని చూశాను. ఆమె నా వంక చూసి పళ్లు లేని నోటితో నవ్వింది. అక్కడి నుంచే నాకు అయోమయం మొదలైంది.

"ఏం జరిగింది చెప్పు" అన్నాను.

"వాళ్లకు ఆ పక్క కొండ మీద పెండ్లి టీచరమ్మా. మొగోళ్లందరూ పోయిరి. సలీముకు డ్యూటీ. సాయంత్రానికి వస్తామని పోయినోళ్లు మంచు కమ్ముకోని రెండు దినాలు రాకపాయె. ఎర్రావుకు దూడ చచ్చిపోయింది, తోల్లో గడ్డి కూరి పెట్టినారు, మన పక్క పెడతారే, అట్లే. అది ఒకటే అరుపు. పొదుగు రాయి మాదిరి అయిపోయింది. చూస్తా చూస్తా ఎట్లుండేది? కూసోని పిండినా. రెండు చెంబులు ఇచ్చింది. కాంచి అవ్వకు చాయ్ పెట్టి ఇస్తి. అవ్వ తాగింది."

"తాగి ఏమంది?"

"ఏమనలా. పెద్దాయన వచ్చినాక చెంబు తీసకపోయి చూపిస్తి, నేనే పిండినా అని చేత్తో చూపిస్తి. చెంబు వంక చూసినాడు, నా వంక చూసినాడు, పోయి పండుకున్నాడు. ఆ దినం నుంచి ఆయప్ప పాలు ముట్టుకోల్యా. సలీము పట్నం నుంచి డబ్బా పాలు తెస్తాండాడు. ఇన్ని ఆవులు పెట్టుకోని డబ్బా పాలు! నన్ను దొడ్లోకి పోనీరు. తిట్టినా బాగుండు. టీచరమ్మా, నాకు మళ్లా ఆవు దొరికిందనుకుంటి. నన్ను పంపిస్తారా?"

"పంపించరు, నేను మాట్లాడతాను" అన్నాను. ఆ ధైర్యం నాకెక్కడిదో ఇప్పటికీ తెలియదు.

కాఫీకి పిలిచారు. పెద్దాయన, అంటే సలీం వాళ్ల నాన్న, మధ్యలో కూర్చుని ఉన్నాడు. మెహందీ పెట్టిన గడ్డం. ఒడిలో పెట్టుకున్న రెండు చేతులూ ఆకుల్లా వణుకుతున్నాయి. ఆయన పక్కన ఆయన తమ్ముడు, సలీం వాళ్ల బాబాయి. నిటారుగా, కత్తి నడుముకు పెట్టుకుని, వచ్చినవాళ్లలో ఆయనే పెద్ద అని తెలిసేలా కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ అదే వంశంలో పక్క ఇళ్లవాళ్లు. ఈ కొండ, ఈ గడ్డి అన్నీ ఆ ఒక్క వంశానివేనని, ఎవరి దొడ్డిలో ఏం జరిగినా అందరికీ చెప్పాల్సిందేనని సలీం నాకు మెల్లగా చెప్పాడు.

ముందు కుశల ప్రశ్నలు. బాబాయి అడిగాడు, సలీం హిందీలోకి మార్చాడు: "ఏం కబుర్లు?" మావారు "అంతా మంచిదే" అన్నారు. "మస్కట్ కబుర్లు?" "మంచివే." "దారి కబుర్లు?" "మంచివే." వాళ్లలో వాళ్లు కూడా అదే అడిగి అదే చెప్పుకున్నారు, రోజూ చూసుకునే మనుషులు. పావుగంట గడిచింది. ఇంటికి ఇంత కష్టం వచ్చి, దానికోసమే అందరూ కూడి, ఎవరూ ఆ మాటే ఎత్తరేం అని నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బాబాయి నా వైపు తిరిగి "నీ కబుర్లు?" అనగానే, "మంచివి కావు" అని మొదలుపెట్టి, బస్సులో తయారుచేసుకున్న ఉపన్యాసం మొత్తం అప్పజెప్పేశాను. ఈ ఇంట్లో ఓబులమ్మ ఆవు పాలు పిండిన మాట నిజం, మాలో అది ఆడవాళ్ల పని, ఆమెను మన్నించండి.

సలీం నా మాటలు వాళ్ల భాషలో చెప్పడానికి నోరు తెరిచి, మూసుకుని, మళ్లీ తెరిచాడు. చెప్పక తప్పదన్నట్టు చెప్పాడు. ఒకాయన కాఫీ చిప్ప నోటి దగ్గరే ఆగిపోయింది. పెద్దాయన తల వంచుకున్నాడు. రాజన్న నా వెనక నుంచి "మేడం, జర ఊకుండ్రి" అని గొణిగాడు. నేనేం తప్పు మాట్లాడానో నాకు అర్థం కాలేదు.

బాబాయి గొంతు సవరించుకున్నాడు. మావారి వైపు తిరిగి, "ఏం కబుర్లు?" అని మొదటి నుంచీ మొదలుపెట్టాడు. మావారు బిక్కమొహం వేసి "మంచివే" అన్నారు. మస్కట్ కబుర్లు, దారి కబుర్లు, అన్నీ మళ్లీ జరిగాయి. ఈసారి నా వంతు రాలేదు.

సలీం నన్ను బయటికి తీసుకొచ్చాడు. కోప్పడలేదు, ఏడవబోయే మొహం పెట్టాడు. "టీచర్, మాలో ఆవు పొదుగును ఆడవాళ్లు ముట్టుకోరు. పాలు మగవాళ్లే పిండాలి. ఆమె మా మనిషి కాదు, మా కట్టుబాటు ఆమెకు లేదు, ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. కానీ మా ఇంట్లో పిండేవాడు లేడన్న సంగతి బయటపడకూడదు. అన్నయ్య మస్కట్‌లో. నాకు షిఫ్టులు, చిక్కిన పూట పిండి దూడలకు పోస్తున్నాను. నాన్న చేతులు చూశావుగా. ఆవుకు దిష్టి తగిలి పాలు బిగబట్టిందని అందరికీ చెప్పాం, ధూపం వేస్తామన్నాం. వాళ్లకు తెలియక కాదు. కానీ ఎవరూ పైకి అనలేదు. ఇప్పుడు నువ్వు అన్నావు."

"అంటే ఏమవుతుంది?"

"ధూపం అయ్యాక బాబాయి అడుగుతాడు, ఈ ఇంట్లో ఎవరు పిండుతున్నారని. జవాబు లేకపోతే ఆవులు ఆయన దొడ్డికి పోతాయి. ఆవులు లేకపోతే నాన్న ఇక్కడ ఉండలేడు, పట్నంలో నా క్వార్టర్స్‌కి రావాల్సిందే. అక్కడ అమ్మను చూడటానికి నా భార్య ఉంది. ఓబులమ్మకు పని ఉండదు."

అంటే ఓబులమ్మను నిలబెట్టడానికి వెయ్యి కిలోమీటర్లు వచ్చి, ఆమె కాళ్ల కింది నేల నేనే లాగేశానన్నమాట. నా మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. అదే సమయంలో వీళ్ల మీద కూడా వచ్చింది. అందరికీ తెలిసిందే నేను చెబితే అది తప్పెలా అవుతుంది? ఎంత ఆలోచించినా రెండు కోపాల్లో ఏది సరైనదో తేలలేదు. లోపలికి వెళ్లి ఓబులమ్మకు సంగతంతా చెప్పాను. ఆమె అవ్వ కాళ్ల దగ్గర కూలబడింది. అవ్వ ఆమె మొహం చూసి, నా మొహం చూసి, కర్ర పట్టుకుని లేచి నించుంది. నెలల తరబడి లేవని మనిషి లేచిందని తర్వాత తెలిసింది. గుమ్మం దగ్గర పెద్దాయనను పిలిచి ఏదో చెప్పింది. రెండే రెండు మాటలు.

తొమ్మిది గంటలకు దొడ్డిలో కార్యక్రమం జరిగింది. తుంపర పడుతూనే ఉంది. ఎర్రావును మధ్యలో నిలబెట్టారు, ముందు గడ్డి కూరిన దూడ తోలు. పెద్దాయన మట్టి ధూపపు పాత్రలో నిప్పుల మీద సాంబ్రాణి వేసి, ఏదో చదువుతూ ఆవు చుట్టూ మూడుసార్లు తిరిగాడు. మధ్యలో దేవుడి పేరు ఒక్కటే నాకు అర్థమైంది, మిగతాది అరబ్బీ కూడా కాదు, ఆ కొండల భాష. పొగ పైకి పోలేదు, ఆ మంచులో కలిసి మా అందరి నడుముల దగ్గరే తేలింది. బాబాయీ మిగతా మగవాళ్లూ ఆవుకు అవతలి పక్క నిలబడ్డారు. ఆడవాళ్లం ఇవతలి గోడ దగ్గర.

తర్వాత పెద్దాయన ఆవు పక్కన, మా వైపు, కూర్చున్నాడు. భుజం మీది పెద్ద శాలువాను విప్పుకున్నాడు. అవ్వ ఓబులమ్మ వీపు మీద చెయ్యి వేసి ముందుకు తోసింది. ఓబులమ్మ భయపడుతూ వెళ్లి ఆయన మోచేతి దగ్గర గొంతుక్కూర్చుంది. పెద్దాయన శాలువా ఆమె తల మీంచి కప్పేశాడు. పాల గిన్నెను తన వణికే రెండు చేతులతో పట్టుకుని పొదుగు కింద పెట్టాడు. శాలువా కింద కదిలే చేతులు నాకు కనబడుతూనే ఉన్నాయి. అవతలి వాళ్లకు ఆవు వీపు మీంచి పెద్దాయన తలా, భుజాలూ తప్ప ఏమీ కనబడవు. మొదట చప్పుడు లేదు. తర్వాత గిన్నెలో ధార పడటం మొదలైంది, అడుగున టంగుమంటూ, నిండేకొద్దీ మెత్తబడుతూ. ఆవు అరవలేదు. దూడ తోలును నాకుతూ నిలబడింది.

నిండిన గిన్నెను సలీం పట్టుకుని ఆవు చుట్టూ తిరిగి బాబాయికి ఇచ్చాడు. అప్పటికి ఓబులమ్మ శాలువా కింది నుంచి జారి మా గోడ దగ్గరికి వచ్చేసింది. బాబాయి గిన్నె తాగలేదు. దాన్ని పట్టుకుని నేరుగా నా ముందుకు వచ్చాడు. సలీం పాలిపోయిన మొహంతో మధ్యలో నిలబడి చెప్పాడు: "నువ్వు ఈ పక్క నిలబడ్డావు. పొద్దున నోరు విప్పి చెప్పింది కూడా నువ్వే. ఇప్పుడు చెప్పమంటున్నాడు. ఈ ఇంట్లో పాలు ఎవరు పిండారు?"

ఇరవై ఏళ్లుగా పిల్లలకు చూసింది చూసినట్టు రాయమని చెప్పిన దాన్ని. తప్పు జవాబుకు సున్నా వేసిన దాన్ని. ఓబులమ్మ నా కొంగు చివర పట్టుకుంది, ఆమె చేతి తడి నా వేలికి తగిలింది. అవతలి నుంచి మావారు నావైపే చూస్తున్నారు.

"పెద్దాయన" అన్నాను. నాకు వచ్చిన నాలుగు అరబ్బీ ముక్కల్లో వెతుక్కుని, సలీం అవసరం లేకుండా, నేనే మళ్లీ చెప్పాను. "పెద్దాయన పిండాడు."

నా మాట పూర్తి కాకముందే బాబాయి గిన్నె ఎత్తి సగం తాగేశాడు. మీసాల మీది నురగ తుడుచుకుని అన్నగారికి అందించాడు. పెద్దాయన రెండు వారాల తర్వాత తన ఆవు పాలు తాగాడు. ఆయన కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి, సాంబ్రాణి పొగ వల్లనో ఇంకెందువల్లనో. మిగిలినవి నాకిచ్చారు. వేడిగా, తియ్యగా, కొంచెం పొగ వాసనతో ఉన్నాయి. తర్వాత అందరూ అన్నం, మాంసం తిన్నారు. శాకాహారులం కాబట్టి మాకు మాత్రం అన్నం, తేనె, పెరుగు పెట్టారు. పెరుగు ఎక్కడిదని నేను అడగలేదు.

రెండు గంటలకు పికప్పు దగ్గరికి ఓబులమ్మ మాతో వచ్చింది. మనసులో ముల్లు ఆగక అడిగేశాను. "పని నీది, పేరు ఆయనది. నీకు బాధగా లేదా? రేపటి నుంచి రోజూ ఆ శాలువా కిందే కూర్చుంటావా?"

ఆమె నన్ను వింతగా చూసింది, నేనే తెలివితక్కువ మనిషినన్నట్టు. "నేనేడ పిండినా టీచరమ్మా? పెద్దాయన గదా పిండింది. మీరే చెప్తిరే" అంది. నవ్వుతుందేమోనని ఎదురుచూశాను, నవ్వలేదు. తొందరగా లోపలికి వెళ్లిపోయింది, సాయంత్రం పాల వేళకు మేత కలపాలట. దారిలో రాజన్న బండి తోలుతూ, "మొత్తానికి ఎవరు పిండిర్రు మేడం? నేను అవతలి దిక్కు ఉన్న, కనబడలే" అన్నాడు. నేను జవాబిచ్చేలోగా మావారు, "పెద్దాయనే రాజన్నా" అన్నారు.

శనివారం బస్సులో తిరిగి వస్తూ దారంతా దాని గురించే ఆలోచించాను, ఇన్నేళ్లయినా అప్పుడప్పుడూ ఆలోచిస్తూనే ఉన్నాను. ఆ రోజు అక్కడ ఒక ఆచారం చచ్చిపోయిందా, బతికి బట్టకట్టిందా? ఆడమనిషి చెయ్యి పొదుగు మీద పడింది, కాబట్టి చచ్చిపోయినట్టే. ఇక్కడ మగవాళ్లే పిండుతారని పదిమంది ముందు పలికారు, పలికించారు, కాబట్టి బతికినట్టే. కొడుకులు షిఫ్టులకు పోయిన ఇంట్లో, రాయచోటి నుంచి వచ్చిన రెండు చేతులను ఒక శాలువా కింద దాచుకుని ఆ ముసలివాళ్లు తమ కొండ మీదే ఉండిపోయారు. ఓబులమ్మ ఆ ఇంట్లో ఇంకో ఏడేళ్లుంది. అవ్వ పోయేదాకా ఉంది. అది న్యాయమా అని నన్నడిగితే చెప్పలేను. నేను చెప్పింది అబద్ధమా అని అడిగినా చెప్పలేను. చెప్పినందుకు మాత్రం ఒక్కరోజూ బాధపడలేదు.

ఖరీఫ్‌లో సలాలా వెళ్లేవాళ్లకు ఒక సలహా. జులై చివర్లో వెళ్లండి, పగటి బస్సు ఎక్కండి, గొడుగు కంటే రబ్బరు చెప్పులు ముఖ్యం. కొండ ఇళ్లలో మీ కబుర్లు అడిగితే, ఎంత కష్టం మోసుకెళ్లినా సరే, మంచివే అని చెప్పి కాఫీ తాగండి. అసలు విషయం తర్వాత గుమ్మం బయట, ఒక్క మనిషి చెవిలో చెప్పుకోవచ్చు. నాలాగా అందరి ముందూ విప్పేయకండి. విప్పినదాన్ని రెండు మాటలతో చక్కబెట్టే అవ్వ ప్రతి ఇంట్లోనూ ఉండదు.